మేస్త్రీకి చెప్పిన ఇల్లు

ఐర్లండ్ దక్షిణాన, వాటర్‌ఫోర్డ్ నుంచి బస్సులో ముప్పావుగంట వెళితే ఒక చిన్న ఊరు వస్తుంది. ఆ ఊరు కట్టించిన దొర తన కోసం కట్టుకున్న ఇల్లు అక్కడే, వీధికి ఎదురుగా మిట్ట మీద ఉంది. నేను చదివింది పాత కట్టడాల మరమ్మతు. ఆ ఇంటిని అంగుళం అంగుళం కొలిచి, బొమ్మలు గీసి, దాని మీదే థీసిస్ రాసి డిగ్రీ తెచ్చుకున్నాను. అయినా ఆ ఇంటి గురించి విసుగు లేకుండా వారం వారం నన్ను అడిగి చెప్పించుకున్న మనిషి ఒక్కడే. కరీంనగర్ పక్క పల్లెలో తాపీ మేస్త్రీ. ఆయన కూతురు ఆ ఇంట్లో, మొదటి అంతస్తు గదిలో, పట్టపగలు నిద్రలోనే చనిపోయింది.

బొగ్గు కుంపటి గదిలో పెట్టుకుని, తలుపులు బిగించుకుని పడుకుందని వాళ్ళ ఊళ్ళో అందరూ అనుకున్నారు. కావాలనే చేసుకుందని అనేవాళ్ళు కూడా ఉన్నారట. ఆమె నిప్పే ముట్టించలేదు. ఆ సంగతి నాకు తెలుసు. చెబితే, మరి ముట్టించింది ఎవరని అడుగుతారు. అందుకని ఎనిమిది నెలలు నోరు మూసుకుని కూర్చున్నాను.

ఆ బొగ్గు మాట పుట్టింది కూడా నా నోట్లోంచే. శవాన్ని ఇంటికి పంపేటప్పుడు కాగితాల్లో కార్బన్ మోనాక్సైడ్ అని ఉంది. తండ్రి ఫోన్లో "గదేంది సారూ?" అని అడిగితే, తెలుగులో చెప్పాలని తెగ తాపత్రయపడి "ఒక రకం బొగ్గు గాలి అంకుల్" అన్నాను. ఆయన "బొగ్గా? గా రూముల బొగ్గెక్కడిది?" అన్నాడు. "విచారణ జరుగుతోంది అంకుల్" అన్నాను. బొగ్గు గాలి అంటే బొగ్గు ఉండాలి, ఆ గదిలో ఉన్నది ఆమె ఒక్కతే కాబట్టి ముట్టించింది ఆమే. ఊరు లెక్క తేల్చేసింది. ఆ లెక్క తప్పని నేను అనలేదు.

తర్వాత ప్రతి ఆదివారం ఆయన ఫోన్ చేసేవాడు. నాకు మధ్యాహ్నం, ఆయనకు పొద్దు గుంకే వేళ. ఏడవడు. తిట్టడు. "ఆ ఇల్లెట్లుంటది సారూ, జెర చెప్పు" అనేవాడు. నా ప్రాణం లేచొచ్చేది. ఇల్లు ఎలా ఉంటుందో చెప్పమంటే నాకేం కష్టం?

చెప్పాను. నేల కింద ఒక అంతస్తు, పైన మూడు. ముందు గోడ మాత్రం చెక్కిన సున్నపురాయి, నున్నగా, అతుకు కనపడకుండా. పక్క గోడలూ వెనక గోడా అడ్డదిడ్డమైన బండలు, సున్నం. "అంటే ముంగట సోకు, ఎనుక లొసుగు" అని ఆయన నవ్వాడు. అదే మొదటిసారి ఆయన నవ్వు వినడం. ఎనిమిది నెలల్లో రెండోసారి వినలేదు.

ఆ దొర మహానుభావుడి సంగతి కూడా చెప్పాను. ఇల్లు దక్షిణ ముఖంగా కట్టాడు, ఎండ కోసం. ఎండ ఈ దేశంలో బంగారం. తీరా కట్టాక, కిటికీలోంచి చూస్తే ఎదుటి దిబ్బ మీద రైతుల గుడిసెలు కనపడ్డాయట. కంటికి ఇంపుగా లేవని వాటిని పీకించి, జనాన్ని తరిమి, ఆ చోట వెడల్పాటి వీధి వేయించాడు. వీధి నడుమ సంత భవనం, కొసన చర్చి. హాల్లో మధ్య కిటికీ ముందు నిలబడితే చర్చి శిఖరం సరిగ్గా అద్దం నడిమికి వస్తుంది. నేను కొలిచాను, ఒక బెత్తెడు తేడా కూడా లేదు. ఊరు కట్టించాడని వీధి మొగలో ఆయన పేరు రాయి మీద చెక్కారు. పీకేసిన గుడిసెల మాట ఎక్కడా లేదు. పనివాళ్ళు పచ్చిక మీద నడిస్తే దొరసాని చూపుకు అడ్డమని పెరటి నుంచి నేలమాళిగ దాకా సొరంగం తవ్వించాడు. బొగ్గు, నీళ్ళు, మలం కుండలు, అన్నీ ఆ చీకట్లోంచే పోయేవి. ఆలుగడ్డ పంట కుళ్ళిపోయి వచ్చిన కరువులో తిండిలేని జనం చేత, గంజి పోసి, తోట చుట్టూ ఆమడ పొడుగు ప్రహరీ పెట్టించారు. ఆ గోడ ఇంకా చెక్కుచెదరలేదు.

"గోడ కట్టినోల్లు మంచి పనోల్లు" అన్నాడు మేస్త్రీ. "ఆకలితోని సుత మంచిగ కట్టిండ్రు."

దొర వంశం అంతరించాక అందులో కన్యాస్త్రీలు ఉన్నారు. తర్వాత బడి నడిచింది. ఇప్పుడు అద్దె ఇళ్ళు. ఆసుపత్రి నర్సులు, ముసలివాళ్ళని చూసుకునే కేరర్లు, మా బోటి విద్యార్థులు. పెద్ద హాలుని ప్లాస్టర్ బోర్డుతో రెండు చేశారు. సీలింగులో సున్నంతో పోసిన ద్రాక్షగుత్తుల చక్రం ఉంటుంది. దాన్ని అడ్డంగా కోసేశారు. సగం గుత్తులు ఈ ఇంట్లో, సగం పక్కింట్లో. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. మూడు నెలలు పోయాక నేనూ అందులోనే, నేలమాళిగలో ఒక గదిలో అద్దెకు చేరాను. దొరికిందే దక్కుడు, ఇక్కడ ఇల్లు దొరకడం అలాంటిది.

ఆ అమ్మాయికి గది చూపించింది నేనే. వాటర్‌ఫోర్డ్‌లో పీజీ చదువుతూ వారాంతాల్లో ఆ ఊరి వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ చేసేది. పొద్దున ఎనిమిదికి వచ్చి సాయంత్రం దాకా పడుకునేది. మాటకి ముందు నవ్వేది. నన్ను "అన్నా, నీ ఇల్లు ఇయ్యాల కూలుతదా, రేపు కూలుతదా?" అని ఏడిపించేది. గదిలో చలిమంట కోసం గోడలో కట్టిన పాత నిప్పుగూడు ఉండేది, దాన్ని బోర్డు కొట్టి మూసేసి, గోడ చెమ్మ పట్టకుండా ఒక చిన్న జాలీ పెట్టారు. ఆమె తలగడ సరిగ్గా ఆ జాలీ దగ్గర.

డిసెంబర్లో ఒకరోజు మెట్ల దగ్గర ఆపి అడిగింది. "అన్నా, గా జాలీలకెళ్ళి సల్లగాలి కొడుతుంది. టేపేసి మూసెయ్యనా?"

"వద్దమ్మా. గాలి ఆడకపోతే చిమ్నీ లోపల చెమ్మ పడుతుంది. పాత ఇల్లు, ఊపిరి తియ్యాలి" అన్నాను, పెద్ద డాక్టరులా.

"ఇంటికి ఊపిరాడాలె, నాకు జలుబు వట్టాలె. మంచిగున్నది" అని నవ్వుకుంటూ పైకి వెళ్ళిపోయింది. మూయలేదు. నా మాట విన్నది.

జనవరిలో ఆ అమ్మాయి గదికి సరిగ్గా కింద, కోసిన హాలులో సగం ఖాళీ అయింది. అందులోకి అక్క వచ్చింది. అక్కంటే సొంత అక్క కాదు, మా తెనాలి పక్క ఊరు, ఆసుపత్రిలో నర్సు. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో ఆర్నెల్లు వాళ్ళింట్లో తిన్నాను. ఆవిడ భర్త పని మీద డబ్లిన్‌లో ఉంటాడు. అత్తగారు వీసా మీద వచ్చి వాళ్ళ పాపని చూసుకుంటోంది. ఆ పెద్దావిడని నేను పెద్దమ్మా అని పిలుస్తాను.

కొత్త ఇల్లు కాబట్టి పాలు పొంగించాలి. అద్దె ఇల్లయినా సరే, పాలు పొంగకుండా అడుగు పెట్టేది లేదని పెద్దమ్మ పట్టుబట్టింది. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకి ముహూర్తం. నేను శనివారం సామాను మోయడానికి వెళ్ళాను. పెద్దమ్మ కరెంటు పొయ్యిని వేలితో తట్టి చూసి పెదవి విరిచింది.

"దీని మీదా? ఇది నిప్పేనా అసలు? నల్లపలక మీద పాలు పెడితే పొంగినట్టా, పొర్లినట్టా?"

"అత్తయ్యా, ఇక్కడ అందరూ అంతే చేస్తారు" అంది అక్క.

"అందరి సంగతి నాకెందుకే. అగ్ని లేని గృహప్రవేశం నేనెక్కడా చూళ్ళేదు."

నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకుంటే నేనెలా అవుతాను? హాల్లో తెల్ల పాలరాతి నిప్పుగూడు ఉంది, రెండు పక్కలా చెక్కిన స్తంభాలు, నడుమ పూలబుట్ట. ముందు ఒక పలక నాలుగు మరలతో బిగించి రంగు వేశారు. "అగ్ని కావాలి, అంతే కదా పెద్దమ్మా? రాజులు వెలిగించిన చోట వెలిగిద్దాం" అన్నాను.

అక్క లీజు కాగితం తీసి చూపించింది. నిప్పుగూళ్ళు అలంకారానికి మాత్రమేనని అందులో ఉంది. "వాడకూడదని కాదా తమ్ముడూ?"

"ఇన్సూరెన్సు కోసం రాసుకుంటార్లే అక్కా. ఈ ఇంటి చిమ్నీల గురించి వాళ్ళకేం తెలుసు, నా తలకాయ! నేను కొలిచాను."

మరలు ఊడదీసి పలక పక్కన పెట్టాను. లోపల తల దూర్చి ఫోన్ లైటు ఆర్పి పైకి చూశాను. రూపాయి బిళ్ళంత వెలుగు కనపడింది. వెలుగుంటే దారి ఉన్నట్టే. "గ్రాండ్" అన్నాను, భేషుగ్గా ఉందనడానికి ఇక్కడివాళ్ళు అనేలాగే.

పాత చిమ్నీని అలా చూడరు. మాకు మొదటి ఏడాదే చెప్పారు. పొగ బిళ్ళ ఒకటి వెలిగించి, మిగిలిన గదులన్నీ తిరిగి ఎక్కడైనా పొగ వస్తోందేమో చూడాలి. బయటికి ఒక్క స్తంభంలా కనపడే చిమ్నీలో, లోపల గదికొక గొట్టం చొప్పున ఎనిమిది గొట్టాలుంటాయి. గొట్టానికీ గొట్టానికీ నడుమ ఒక్క ఇటుక మందం గోడ. రెండు వందల ఏళ్ళ మసి తినేసి ఆ సున్నం పిండై రాలిపోతుంది. కింద గది పొగ పై గది గొట్టంలోకి దారి చేసుకుంటుంది. ఇదంతా నా థీసిస్‌లో నాలుగో అధ్యాయం, బొమ్మతో సహా ఉంది. పై గదుల్లో మనుషులున్నారు, ఒకసారి చూద్దాం అని ఆ రోజు నాకు తట్టలేదు. పొగ బిళ్ళ కోసం వాటర్‌ఫోర్డ్ దాకా వెళ్ళాలి, ఎవడు వెళతాడు అనుకున్నాను. ఇదీ నిజం.

పెట్రోలు బంకులో బొగ్గు బస్తా కొన్నాను. ఇక్కడ పొగ వచ్చే బొగ్గు అమ్మడానికి వీల్లేదు. బస్తా మీద స్మోక్‌లెస్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. "పొగ రాని బొగ్గు పెద్దమ్మా, మీ కొత్త గోడలకి మసి కూడా పట్టదు" అన్నాను. ఆవిడ ఎంత సంతోషపడిందో! పొగ లేకపోతే ఇంక భయమేముంది అనుకున్నాం, పొగ రాకపోయినా ఆ విషపు గాలి వస్తుందని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. పొగ వచ్చి ఉంటే ఆ పిల్ల దగ్గి లేచేది.

ఆదివారం నిప్పు చక్కగా రాజుకుంది. గొట్టం గాలిని బాగా పీలుస్తోంది, గదిలోకి పిసరంత వాసన రాలేదు. అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చి, పడుకోకుండా ఆగి, యూనిఫాం మీదే నిలబడి చూసింది. పాలు తూర్పు వైపుకి పొంగాయి. పెద్దమ్మ చేతులు జోడించి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. అమ్మాయి పరమాన్నం రెండు గిన్నెలు తిని, "పెద్దమ్మా, ఇగ నేను పండుకుంట, ఎవలన్న లేపితే సంపుత" అని నవ్వి పైకి వెళ్ళింది. ఇల్లు ఐసుగడ్డలా ఉందని పెద్దమ్మ నిప్పు ఆరిపోకుండా బొగ్గు వేస్తూనే ఉంది. నేనే వేయమన్నాను. గోడలు వెచ్చబడితే ఇంటికి మంచిదన్నాను.

నాలుగింటికి అక్క పులిహోర డబ్బా పట్టుకుని పైకి వెళ్ళింది. తలుపు కొట్టింది, పిలిచింది. నన్ను పిలిచింది. గొళ్ళెం గట్టిది కాదు, భుజంతో తోస్తే వచ్చేసింది. దుప్పటి గడ్డం దాకా కప్పుకుని పక్కకి తిరిగి పడుకుని ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, బతికున్నవాళ్ళకంటే ఎర్రగా. అక్క నర్సు కదా, ఒక్కసారి చెయ్యి పట్టుకుని చూసి, అయినా అంబులెన్సు వచ్చేదాకా గుండె మీద నొక్కుతూనే ఉంది. నేను జాలీ దగ్గర చెయ్యి పెట్టాను. గాలి వెచ్చగా తగిలింది. అప్పటికి మొత్తం అర్థమైపోయింది నాకు. నాలుగో అధ్యాయం, బొమ్మతో సహా.

ఆ ఇంట్లో నిప్పు వాడరని కాగితాల్లో ఉంది కాబట్టి ఆ వాయువు కోసం అలారం ఒక్క గదిలో కూడా లేదు. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, వచ్చారు, మర్యాదగా అడిగారు. ఆ పలక ఎవరు తీశారు అన్నారు. అక్క నా వైపు చూసింది. "మేం వచ్చేసరికే తీసి ఉంది" అన్నాను. ఇంగ్లీషులో అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో నాకే ఆశ్చర్యం వేసింది. అక్క నా మాట కాదనలేదు. తెల్లారి నుంచి నాతో మాట్లాడటం మానేసింది. పెద్దమ్మ వారం లోపే టికెట్టు మార్పించుకుని వెళ్ళిపోయింది. నా చేతుల్తో చంపాను అని ఏడుస్తూ వెళ్ళింది. మీరు కాదు పెద్దమ్మా అని కూడా నేను అనలేకపోయాను.

ఇంక మేస్త్రీకి ఏం చెబుతాను? ఆయన అడిగినప్పుడల్లా ఇల్లు చెప్పాను. కిటికీల లెక్క చెప్పాను. మెట్ల వంపు చెప్పాను. తలుపు మీద విసనకర్ర ఆకారంలో ఉన్న అద్దం చెప్పాను. ఆయన మాత్రం తిరిగి తిరిగి చిమ్నీ దగ్గరికే వచ్చేవాడు. గొట్టాల నడుమ గోడ ఎంత మందం, సున్నంలో ఇసుక పాలెంత, పూత పూశారా లేదా. ఒక ఆదివారం ఉన్నట్టుండి అన్నాడు.

"సారూ, నా బిడ్డ చిన్నప్పటి సంది నాతోని పనికి వచ్చింది. సున్నంబట్టీ కాడ పండుకోవద్దని నేను చెప్పిన, గా గాలికి పానం పోతదని. దానికి ఎరుకే. ఎరుకుండి కుంపటి వెట్టుకుంటదా?"

"చలి చాలా ఎక్కువ అంకుల్ ఇక్కడ" అన్నాను.

అన్నానండీ ఆ మాట. చచ్చిపోయిన పిల్ల మీదికి నెట్టేశాను. నా మీద నాకు అసహ్యం వేసింది, కానీ ఆ అసహ్యం ఆయనకి ఏ పనికీ రాలేదు. ఆయన "ఆఁ, సలి" అని ఫోన్ పెట్టేశాడు.

సెప్టెంబర్లో అక్క నా గది తలుపు కొట్టింది. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "విచారణకి నన్ను పిలిచారు తమ్ముడూ. నేను ప్రమాణం చేసి అబద్ధం చెప్పను. ఉన్నదున్నట్టు చెబుతాను. ఆ లోపల నువ్వు వాళ్ళ నాన్నకి చెప్పుకుంటావా, పేపర్లో చూసి తెలుసుకోమంటావా, నీ ఇష్టం."

మర్నాడు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి నా మాట మార్చి రాయించాను. అది తేలిగ్గానే అయింది. ఆదివారం దాకా ఆగితే మళ్ళీ పిరికితనం వస్తుందని, బయటికి రాగానే బస్టాపులో నిలబడి నేనే ఫోన్ చేశాను.

"అంకుల్, ఇవాళ ఇంటి గురించి కాదు. ఒక మాట చెప్పాలి. మీ అమ్మాయి గదిలో బొగ్గు లేదు. కుంపటి లేదు. నిప్పు పెట్టింది కింది ఇంట్లో. మూసి ఉన్న నిప్పుగూడు పలక ఊడదీసింది నేను. బొగ్గు తెచ్చింది నేను. ఆమె జాలీ మూసుకుంటానంటే వద్దన్నది కూడా నేనే. ఆమె ఏమీ ముట్టించలేదు అంకుల్."

అవతల ఏదో టీవీ మోగుతోంది. అది ఆగిపోయింది.

"ముట్టియ్యలేదా?"

"లేదు."

"నా బిడ్డ?"

"లేదు అంకుల్. నిద్రపోయింది, అంతే."

తిడతాడని ఎదురు చూశాను. తిట్టాలనే కోరుకున్నాను. ఆయన ఫోన్ పక్కకి పెట్టి గొంతు చించుకుని అరిచాడు. "ఏమే! ఇటు రాయే! పొయ్యి మీదున్నది ఇడిసిపెట్టి రా! అన్నా, నువ్వు సుత రా, వదినెను పిలువు!" అడుగుల చప్పుడు, చెంబు ఏదో పడిన చప్పుడు వినిపించాయి. తర్వాత ఆయన గొంతు దగ్గరగా వచ్చింది.

"ఇస్పీకర్ వెట్టిన సారూ. మల్లొక్కసారి చెప్పు. గట్టిగ చెప్పు, అందరికి ఇనవడాలె."

చెప్పాను. బస్టాపులో ఉన్నవాళ్ళు నా వైపు చూస్తున్నారు. ఇంకోసారి చెప్పమన్నాడు, ఇంకోసారి చెప్పాను. ఆమె ముట్టించలేదు, ఆమె ముట్టించలేదు అని పేరు పెట్టి మరీ చెప్పాను. అప్పుడు తల్లి మాట్లాడింది. ఎనిమిది నెలల్లో ఆమె గొంతు నేను వినడం అదే మొదలు.

"పీనుగ మీద వడి తిట్టిన సారూ నా బిడ్డను. గంత సదువు సదివి గింత తెలివి లేదానే అని తిట్టిన. పెట్టెల ఉన్నదాన్ని తిట్టిన." ముక్కు చీది మళ్ళీ అందుకుంది. "మా ఆయన వారం వారం నీతోనే మాట్లాడిండు కదా. గన్ని దినాలు ఏం చెప్పినవు నువ్వు ఆయనకు?"

"ఇంటి గురించి చెప్పానమ్మా" అన్నాను.